రోస్ సెలెక్టెడ్ అనే ఊరు

10 మార్చి 1997, సోమవారం

ఎండ ముదిరింది. పొద్దున్నే స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తడిబట్టతో తుడిచాను. మూడు రెక్కలకు రెండు బట్టలు పట్టాయి.

ఆఫీసులో జాబితా పని మొదలైంది. మా డివిజన్‌లో ఉన్న ఊళ్ల బోరు నీళ్లు పరీక్ష చేసి, ఫ్లోరైడ్ ఎంతుందో రెండేళ్లుగా కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. హద్దు దాటిన ఊళ్లకు ఈ వేసవిలో ట్యాంకర్లు పంపుతారట. ఆ ఊళ్ల పేర్లు, ఒక్కో ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో తీసి, ఫ్లాపీలో హైదరాబాదు హెడ్డాఫీసుకు పంపాలి. కౌసల్య మేడం గారు చెప్పారు. ఆమె మా ఇంజినీరు. నేను ఆపరేటర్ని. నల్గొండకు టైపిస్టుగా వచ్చాను. యంత్రం వచ్చాక దాని ముందు కూర్చోబెట్టారు. ఎవరూ నేర్పలేదు. జిరాక్సు పుస్తకం ఒకటి ఇచ్చారు. అందులో నలభై పేజీలు లేవు.

ఆఫీసు ఊడ్చి కుండలు నింపే సత్తమ్మ నా కుర్చీ వెనక నిలబడింది. పర్వతాలు సారూ, గీ డబ్బల మా గూడెం ఉన్నదా, జర చూడరాదు అని అడిగింది. ఆమెది బండెనకగూడెం. బస్సులో ముప్పావుగంట. అక్కడి నీళ్లు తాగీ తాగీ ఆమె మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరుగుతుంది. రోజూ సాయంత్రం మా ఆఫీసు నల్లా దగ్గర రెండు డబ్బాల నీళ్లు పట్టుకుని బస్సెక్కుతుంది. కండక్టరు రోజూ తిడతాడు.

చూసి చెబుతానన్నాను.

ఈ రోజు నాతో మాట్లాడింది ఆమె ఒక్కతే. మేడం గారు చెప్పింది పని. అది మాట కిందికి రాదు.

12 మార్చి, బుధవారం

క్వెరీ, అంటే హద్దు దాటిన ఊళ్లేవని యంత్రాన్ని అడిగే ప్రశ్న, నడిచింది. తెర మీద పేర్లు పైకి పాకుతూ పోయాయి. ఆఖరి మండలంలో బండెనకగూడెం కనిపించింది. అన్నిటి కింద '212 రోస్ సెలెక్టెడ్' అని పడింది. అంటే మొత్తం 212 వరుసలు వచ్చాయని యంత్రం చెప్పే లెక్క. అది అడగకుండానే చెబుతుంది. నాకది ఇష్టం.

సత్తమ్మతో వచ్చింది అన్నాను. ఒక్క మాటే. ఆమె చీపురు కింద పెట్టి, మొత్తం మనిషి ఇటు తిరిగి, వచ్చిందా సారూ, నిజంగనా, నీ కడుపు సల్లగుండ అన్నది. సాయంత్రం పోయేటప్పుడు గుమ్మం దగ్గర మళ్లీ అడిగింది. మళ్లీ వచ్చింది అన్నాను.

13 మార్చి, గురువారం

తెర మీద వచ్చింది ఫైల్లోకి ఎక్కించాలంటే స్పూల్ అని కొట్టాలి. మాట తెలియక డిక్షనరీ చూశాను. దారం చుట్టే కండె. ఆలేరులో మా బాపు మగ్గం పక్కన కూర్చుని పదేళ్లు నేను చుట్టింది అదే. నవ్వొచ్చింది. పక్కన ఎవరూ లేరు.

స్పూల్ మొదలుపెట్టి క్వెరీ కొట్టాను. ఫైలు అయింది. ఫ్లాపీ మధ్యాహ్నం బస్సుకు పోయింది.

ఫైలు తెరిచి చూడలేదు. తెర మీద చూసిందే కదా అనుకున్నాను.

27 మార్చి, గురువారం

ఉత్తర్వు వచ్చింది. బండెనకగూడెం పేరు లేదు.

సత్తమ్మ వాళ్ల సర్పంచు నోట విని వచ్చింది. అరవలేదు. సారూ నువ్వు రెండుసార్లు చెప్పినవు గద అన్నది. నేను గూడెం మొత్తం చెప్పుకున్న, అరవై మూడు ఇండ్లల్ల చెప్పుకున్న, ఇప్పుడు నన్ను జూసి నవ్వుతున్నరు, కలెక్టరమ్మ వచ్చిందని పిలుస్తున్నరు అన్నది.

ఆమె కుండలు నింపి వెళ్లింది.

29 మార్చి, శనివారం

నిన్న సెలవు. ఈ రోజు 13న పంపిన ఫైలు కాగితం మీద తీసి, స్కేలు పెట్టి ఒక్కో లైనూ చూశాను.

తప్పు దొరికింది. నాదే.

లైనుకు ఎనభై అక్షరాలు. అది యంత్రం తనంతట తాను పెట్టుకున్న హద్దు. మార్చకపోతే అంతే. నేను మార్చలేదు, మార్చవచ్చని తెలియదు. బండెనకగూడెం రికార్డులో ఎలా ఉందంటే: పెద్దబండ వెనుక గూడెం, హెచ్ బై ఓ చిన కొండరావులపల్లి, ఆ తర్వాత మండలం పేరు. ఎనభై అక్కడికే నిండిపోయాయి. ఇళ్ల సంఖ్య, 63, విరిగి కింది లైనులో ఒంటరిగా పడింది. తెర మీద ఆ రోజు నేను పేరే చూశాను. దాని పక్కన అంకె ఉందా లేదా చూడలేదు.

హెడ్డాఫీసు ప్రోగ్రాం సంగతి మేడం గారు ఒకసారి చెప్పారు. లైనులో ఒక పేరూ ఒక అంకే ఉంటే అది ఊరు. రెంటిలో ఏది లేకపోయినా అది చెత్త, పారేస్తుంది. శీర్షికలూ గీతలూ అలా పోతాయి. మా లైను కూడా అలానే పోయింది. పేరున్న చోట అంకె లేదు, అంకె ఉన్న చోట పేరు లేదు.

212లో ఎనభై దాటింది ఇదొక్కటే. పెద్ద ఊళ్లకు రికార్డులో ఒకే మాట. ఊరి పేరు రాస్తే చాలు. గూడేలకే హెచ్ బై ఓ అని పక్క ఊరి పేరు తగిలిస్తారు, ఫలానా ఊరికి చెందిన గూడెం అని. ఎంత చిన్నదైతే అంత పొడుగు పేరు మోయాలి.

31 మార్చి, సోమవారం

పొద్దున టీ తాగుతూ చెప్పాల్సింది నాలుగుసార్లు మనసులో అనుకున్నాను. మేడం గారి ముందుకు వెళ్లేసరికి సగమే వచ్చింది. తప్పు నాది, అన్నాను. కాగితం చూపించాను.

ఆమె చాలాసేపు చూశారు. మంచి మనిషే. తలనొప్పి ఉన్నవాళ్లలా కళ్లు మూసుకుని, పర్వతాలు గారూ, జాబితా మూసేశారండీ అన్నారు. వేసవి అయ్యేదాకా కొత్త పేరు ఎక్కించరు. తీసెయ్యమంటే తీసేస్తారు, అది సంతోషంగా చేస్తారు. మనం తప్పు చేశామని రాస్తే ముందు మెమో వస్తుంది, తర్వాత మీ సీట్లోకి ఇంకొకాయన వస్తాడు, ఊరికి మాత్రం నీళ్లు రావు అన్నారు.

రాయండి మేడం, అన్నాను. సీటు పోయినా ఫరవాలేదన్నాను. ఫరవాలేదని నిజంగా అనిపించలేదు. ఈ కుర్చీ తప్ప నాకు వెళ్లేందుకు ఒక చోటు లేదు.

ఆమె రాశారు. సంతకం చేసి పంపారు.

3 ఏప్రిల్, గురువారం

జవాబు వచ్చింది. రెండు లైన్లు. కొత్త పేర్లు స్వీకరించబడవు.

4 ఏప్రిల్, శుక్రవారం

వడగాలి. కిటికీకి తడి గోనె కట్టాను.

పదకొండు గంటలకు ఆఫీసు ముందు ట్యాంకర్ ఆగింది. చోటే మియా అని డ్రైవరు. లోపలికి వస్తూనే, సలాం సాబ్, మూడు దినాల సంది తిరుగుతున్న, నీళ్లు ఉడుకుతున్నయి గని ఊరు దొర్కుతలేదు అన్నాడు. చేతిలో ట్రిప్పు కాగితం. గీ ఊరెక్కడ సాబ్, రోసులెట్టు అన్నాడు.

అలాంటి ఊరు లేదన్నాను.

లేకపోతే గిదేంది, గవర్మెంటు ముద్ర అన్నాడు. ఆ మండలంలో అన్ని ఊళ్లూ అడిగాడట. ఒక ముసలామె అది హైదరాబాదులో హోటలు బిడ్డా, మా తమ్ముడు ఆడ గిన్నెలు తోమిండు అన్నదట. ఇంకొకాయన రోళ్లగడ్డకు తోలాడట. అక్కడ రోళ్లు చెక్కేవాళ్లు నలుగురే ఉన్నారు, మా నలుగురికి ఇంత పెద్ద ట్యాంకరా అని భయపడ్డారట. బడి పంతులు చదివి, గిది ఊరు గాదు మియా, ఇంగ్లీషు అని చెప్పాడట. మీ ఆఫీసోళ్లు ఊర్లు గూడ ఇంగ్లీషుల పుట్టిస్తున్నరా సాబ్ అన్నాడు.

కాగితం తీసుకుని చదివాను. రోస్ సెలెక్టెడ్. ఆఖరి మండలం. ఇళ్లు 212. రోజుకు మూడు ట్రిప్పులు.

నా ఫైలు కాగితం బయటికి తీసి ఆఖరి లైను చూశాను.

యంత్రం చెప్పిన లెక్క అది. ఫైలు చివర ఆ లైను కూడా పడింది. అందులో ఒక పేరుంది, ఒక అంకె ఉంది. కాబట్టి ఊరు. పైనున్న మండలమే దానికీ రాసుకున్నారు. పోయిన ఊరు ఒకటి, వచ్చిన ఊరు ఒకటి. మొత్తం 212కు 212 సరిపోయింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. లేని ఊరికి రోజుకు మూడు ట్యాంకర్లు. ఉన్న ఊరికి కాగితం లేదు.

చోటే మియా కుండ దగ్గర నీళ్లు తాగుతున్నాడు. ఊరు నాకు తెలుసన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సత్తమ్మను పిలిచి, నీళ్లున్నాయి, దారి చూపించు అన్నాను. ఆమె నా ముఖం చూసి, నువ్వు గూడ రా సారూ, ఈసారి ఉత్త మాట నమ్మ అన్నది.

అదే రోజు, సాయంత్రం 5

వెళ్లి వచ్చాను. ముగ్గురం ట్యాంకర్ ముందు సీట్లో. మూల మలుపు తిరిగినప్పుడల్లా సత్తమ్మ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నది, మెడ ఆగదు కదా. చోటే మియా దారంతా మాట్లాడాడు. నేను మాట్లాడాల్సిన అవసరం రాలేదు. అది బాగుంది.

పెద్ద బండ. దాని వెనక గూడెం. నిజంగానే బండ దాటితే తప్ప కనిపించదు. హారన్ కొడితే ఎవరూ రాలేదు, ట్యాంకర్ దారి తప్పి వచ్చిందనుకున్నారట. సత్తమ్మ దిగి అరిచింది. అప్పుడు బిందెలు వచ్చాయి.

ఒకామె ఎవరు నువ్వు అని అడిగితే ఏం చెప్పాలో తెలియక కంప్యూటర్ అన్నాను. కంపూటరంటే గీయననా, నేనింకా డబ్బ అనుకుంటి అన్నది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఒక చెంబు నీళ్లు నాకే ముందు ఇచ్చారు. పొద్దున నల్గొండలో తాగిన నీళ్లే. తాగాను.

ట్రిప్పు కాగితం మీద సత్తమ్మ పెనిమిటి భీమయ్య వేలిముద్ర వేశాడు. మంచం మీద కూర్చునే వేశాడు, నడుము నిలబడనివ్వదు. ఏమని రాసుందని అడిగాడు. ఊరి పేరన్నాను. అబద్ధం కాదనుకుంటాను.

9 ఏప్రిల్, బుధవారం

మూడు ట్రిప్పులు పోతున్నాయి. అరవై మూడు ఇళ్లకు అవి ఎక్కువే. నిన్న చిన కొండరావులపల్లి వాళ్లు కూడా బిందెలతో బండ దాటి వచ్చారట. సత్తమ్మ చెబుతుంటే చీపురు గాలిలోనే ఉంది. ఎన్నడన్న మా దిక్కు జూసిన్రా సారూ, గిప్పుడు అక్కా వదినే అని వరస కలుపుతున్నరు, పోస్కోపోండ్రి అన్నం అన్నది.

హెడ్డాఫీసు నుంచి ఉత్తరం. మీ ఫైలులో శీర్షికలు, గీతలు, అనవసర వాక్యాలు వస్తున్నవి. ఉన్న పేర్లు సరిచూచుటకు ఇకపై రెండు వారాలకొకసారి జాబితా పంపవలెను. ఈ నెల 22వ తేదీ జాబితా నుండి శుద్ధమైన డేటా మాత్రమే పంపవలెను.

శుద్ధమైన. మాట నచ్చింది. నేర్చుకోవాలి.

10 ఏప్రిల్, గురువారం

సెట్ హెడింగ్ ఆఫ్. శీర్షికలు పోయాయి. ప్రతి పేజీకి ఒక ఖాళీ లైను మిగిలింది.

11 ఏప్రిల్, శుక్రవారం

సెట్ పేజ్‌సైజ్ జీరో. ఖాళీ లైన్లు పోయాయి. దీనికి పుస్తకంలో పేజీ లేదు. ఒకటి నుంచి మొదలుపెట్టి వంద దాకా వెళ్లి, వెనక్కి వచ్చి సున్నా కొట్టి చూశాను.

12 ఏప్రిల్, శనివారం

సెట్ లైన్‌సైజ్ రెండు వందలు. బండెనకగూడెం మొత్తం ఒకే లైనులో పడింది, 63తో సహా. చాలాసేపు చూశాను. ఈ ఒక్క ఆజ్ఞ నెల కింద తెలిసి ఉంటే.

ఇప్పుడు లైను చివర ఖాళీలు తోకలా వస్తున్నాయి.

14 ఏప్రిల్, సోమవారం

ట్రిమ్‌స్పూల్. తోకలు పోయాయి.

నేను కొట్టిన ఆజ్ఞలు మాత్రం ఫైల్లో పడుతూనే ఉన్నాయి. మొదట్లో క్వెరీ, చివర్లో స్పూల్ ఆఫ్. ఎంత తుడిచినా నా మాటలు అక్కడే.

16 ఏప్రిల్, బుధవారం

తెలిసింది. నేను కూర్చుని టైపు చేసినంతకాలం నా మాట ఫైల్లో పడుతుంది. ఆజ్ఞలన్నీ ముందే ఒక ఫైల్లో రాసిపెట్టి, ఎకో ఆఫ్ చేసి, దాన్నే నడిపిస్తే నా జాడ ఉండదు. సైలెంట్ అని ఇంకొకటి ఉంది. అది పెడితే యంత్రం నమస్కారం కూడా చెప్పదు.

అయిదింటిదాకా కూర్చున్నాను. ఫలానా పని నేనొక్కడినే చేశానని ఎవరికైనా చెప్పాలనిపించింది. అజ్మత్ బీ ఇంట్లో అద్దెకుంటున్నాను కదా, ఆమె గేటు దగ్గర కనిపించింది. భోజనమైందా అని అడిగింది. అయిందన్నాను. కాలేదు.

17 ఏప్రిల్, గురువారం

మిగిలింది ఒక్కటే. సెట్ ఫీడ్‌బ్యాక్ ఆఫ్. కొట్టాను, నడిపించాను.

ఫైలు తెరిచాను. మొదటి అక్షరం ఊరి పేరు, చివరి అక్షరం ఇళ్ల సంఖ్య. మధ్యలో చెత్త లేదు. తెల్లగా ఉతికి ఆరేసినట్టుంది. ఇంత శుభ్రమైన పని నా చేతుల మీదుగా ఎప్పుడూ కాలేదు.

చివర రోస్ సెలెక్టెడ్ లేదు. ఫీడ్‌బ్యాక్ అంటే యంత్రం అడగకుండా చెప్పే ఆ లెక్కే.

వారం నుంచి ఆజ్ఞ మీద ఆజ్ఞ నేర్చుకున్నాను తప్ప ఇది తట్టలేదు. నేను తుడిచింది గూడెం నీళ్లు.

18 ఏప్రిల్, శుక్రవారం

మేడం గారి ఫోన్లోంచి హెడ్డాఫీసుకు చేశాను. పెద్దబండ వెనుక గూడెం అనే పేరు వస్తే తీసుకుంటారా అన్నాను. కొత్త పేరయితే ప్రోగ్రామే తోసేస్తుందన్నాడు అక్కడి ఆయన. రోస్ సెలెక్టెడ్ రాకపోతే అన్నాను. రాకపోతే తీసేస్తాం, ఎందుకు రాదు, అది మంచి ఊరండీ, రోజూ మూడు వేలిముద్రలు సరిగ్గా వస్తున్నాయి, మీ డివిజన్లో అంత క్రమంగా ఉన్నది అదొక్కటే అన్నాడు.

చెత్త ఫైలే మళ్లీ పంపితే వెనక్కి వస్తుంది. ట్యాంకర్లన్నీ ఆగుతాయి, 212 ఊళ్లకూ.

ఒక దారి ఉంది. రాత్రంతా కాదు, ఒక్క నిమిషంలోనే తట్టింది. డేటాబేస్‌లోనే గూడెం పేరు మార్చేస్తే సరి. పేరే రోస్ సెలెక్టెడ్ అని పెడితే శుద్ధమైన ఫైల్లో కూడా అది ఊరిగానే వస్తుంది. పాత పేరు కాబట్టి తీసుకుంటారు.

అయితే ఆ పేరు నాది కాదు మార్చడానికి.

20 ఏప్రిల్, ఆదివారం

బస్సులో గూడెం వెళ్లాను. ఎవరింటికైనా నేనై వెళ్లి ఎన్నేళ్లయిందో లెక్క వేస్తే దొరకలేదు.

మంచం పక్కన బండ మీద కూర్చుని అంతా చెప్పాను. సత్తమ్మ వెంటనే, మార్చు సారూ, పేరు కడవల పోసుకొని తాగుతమా అన్నది.

భీమయ్య ఆమెను నోర్ముయ్యమన్నాడు. గా పేరు కోసం మండలాఫీసు చుట్టు ఎన్ని ఏండ్లు తిరిగిన్నో నీకెరుకేనా అని నన్నడిగాడు. అంతకు ముందు వాళ్లు కాగితాల్లో చిన కొండరావులపల్లిలోనే లెక్క. బోరు వేస్తే అక్కడ, దీపాలు పెడితే అక్కడ, గూడెం వంతు కూడా అక్కడే ఆగేది. మాకో పేరున్నదని రాయించేతందుకు నా నడుము బాగున్న దినాలన్ని వొడిసినయి సారూ, గిప్పుడు నువ్వొచ్చి తుడుస్తనంటవు, గా ఇంగ్లీషు ముక్క నా నోట్లె తిరుగుతదా, రేపు నా బిడ్డను ఏ ఊరని అడిగితే ఏమని చెప్పాలె అన్నాడు.

సత్తమ్మ అటు తిరిగి నిలబడింది. ఆమె అటు తిరగడం అంటే మొత్తం తిరగడమే.

వానలు పడి ట్యాంకర్లు ఆగగానే మీ పేరు మీకు పెడతానన్నాను. భీమయ్య నవ్వాడు. నువ్వు చెప్పిన మాట ఒకసారి ఇన్నది మా ఆడిది అన్నాడు.

కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయినా కూర్చున్నాను. చోటే మియా మధ్యాహ్నం ట్రిప్పు వచ్చింది. బిందెల చప్పుడు. ఆ చప్పుడు వింటూ భీమయ్య కళ్లు మూసుకున్నాడు. కొంచెంసేపటికి, పో, మార్చుకో, గని యాది పెట్టుకో అన్నాడు.

21 ఏప్రిల్, సోమవారం

మార్చాను. పేరొక్కటే. ఇళ్లు అరవై మూడే ఉంచాను. ట్రిప్పు ఒకటి తగ్గుతుంది. ఒక అబద్ధం చాలు.

శుద్ధమైన ఫైలు తీసి, కాగితం మేడం గారి ముందు పెట్టాను. చివరిదాకా చదివారు. ఫైలు శుభ్రంగా ఉంది, బాగా చేశారు, మరి ఈ ఒక్క లైను ఇంకా పోలేదేం అన్నారు.

అది ఊరే మేడం, అన్నాను.

ఆమె నా వైపు చూశారు. తర్వాత తలుపు బయట కుండ నింపుతున్న సత్తమ్మ వైపు చూశారు. ఎన్ని ఇళ్లు అన్నారు. అరవై మూడన్నాను. సంతకం చేశారు. కలం మూతపెట్టి, నేనేమీ అడగలేదు, మీరేమీ చెప్పలేదు, మీకది అలవాటే కదా అన్నారు.

2 మే, శుక్రవారం

కొత్త ఉత్తర్వు. రోస్ సెలెక్టెడ్, ఇళ్లు 63, రెండు ట్రిప్పులు. ఈసారి కాగితం నేనే చూశాను.

సత్తమ్మకు చెప్పాను. సంతోషపడింది. సాయంత్రం నల్లా దగ్గర డబ్బాలు లేకుండా నిలబడి, సారూ రేపటి సంది నేను రాను అన్నది. నేను అర్థం కాక చూశాను. గీ ఊడ్చుడు కోసం వస్తుంటినా, రెండు డబ్బల నీళ్లు దొరుకుతయని వస్తుంటి, గిప్పుడు ఇంటి ముందటికే రాబట్టె, ముసలోన్ని ఇడిసి గింత దూరం ఎందుకు అన్నది. పైలం సారూ, జర టైముకు తిను అన్నది.

సరేనన్నాను.

5 మే, సోమవారం

కుండలు ఎవరూ నింపలేదు. నేను నింపాను.

9 మే, శుక్రవారం

ఫైలు పంపాను. ఫీడ్‌బ్యాక్ ఆఫ్ ఉంది కదా, పని అయిందో లేదో యంత్రం చెప్పదు. ఫైలు తెరిచి చూసుకోవాలి.

19 మే, సోమవారం

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

23 మే, శుక్రవారం

ఫైలు పంపాను.

జాబితాకు అక్కర్లేని క్వెరీ ఒకటి ఊరికే నడిపాను, ఫీడ్‌బ్యాక్ ఆన్ చేసి. 212 రోస్ సెలెక్టెడ్ అన్నది. మళ్లీ నడిపాను. మళ్లీ అన్నది.

11 జూన్, బుధవారం

మబ్బు పట్టి వదిలేసింది. పరుపు ఎండలో వేసి తిరగేశాను.

చోటే మియా డీజిలు కాగితం కోసం వచ్చాడు. మీ ఊరు మంచిగున్నది సాబ్ అన్నాడు. నా ఊరు ఆలేరన్నాను. అరె గది కాదు, నువ్వు పుట్టిచ్చిన ఊరు అన్నాడు. ట్యాంకర్ రాగానే పిల్లలు రోసమ్మ వచ్చే రోసమ్మ వచ్చే అని ఉరుకుతున్నారట. భీమయ్య కట్టె పట్టుకుని తిడుతున్నాడట, మా ఊరు బండెనకగూడెం రా అని.

సత్తమ్మ సంగతి అడుగుదామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో చూసుకునేలోపు వెళ్లిపోయాడు.

14 జూలై, సోమవారం

వాన. గొడుగు ఆరబెట్టాను. ట్యాంకర్లు శనివారంతో బంద్.

పేరు వెనక్కి పెట్టడానికి కూర్చున్నాను. పెద్దబండ వెనుక గూడెం దాకా టైపు చేశాను. చోటే మియా తడిసి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. భీమయ్య మాట చెప్పమని సత్తమ్మ పంపిందట. ఎట్లయినా మళ్ల రాస్తున్నడు గద, గా కొండరావులపల్లి తోక మాకొద్దు, ఉత్త బండెనకగూడెం అని రాయమను, సాలు. అంతే చెప్పిందా అన్నాను. అంతే సాబ్ అన్నాడు.

టైపు చేసింది చెరిపాను. ఇంగ్లీషులో పద్నాలుగు అక్షరాలు. మేడం గారిని అడగలేదు. ఎంటర్ కొట్టాను.

గదికి వచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.